ట్యాంకర్ పైపు, అల్లుడి గ్లవ్స్

ఈరోజు నల్లా వచ్చే రోజే, కానీ రాలేదు. "సంపు అడుగంటిందమ్మా" అని వాచ్‌మన్ పొద్దున్నే చెప్పి వెళ్లాడు. పదింటికి రావాల్సిన ట్యాంకర్ ఒంటిగంట దాటాక మా కూకట్‌పల్లి సందులోకి రివర్స్‌లో దూరింది. అప్పటిదాకా గిన్నెలు సింకులోనే. కుర్రాడు లావుపాటి పైపు భుజాన వేసుకుని సంపు దగ్గరికి లాక్కొస్తుంటే, బాల్కనీలోంచి చూస్తున్న నాకు అల్లుడు గుర్తొచ్చాడు.

పోయిన వేసవిలో అమెరికాలో అమ్మాయి వాళ్లు ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని మమ్మల్ని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు తిప్పారు. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, బాత్రూమ్, అన్నీ బండిలోనే. మొదట మురిసిపోయాను. ఆ బాత్రూమ్‌లోంచి వెళ్లేదంతా మన కాళ్ల కిందే ట్యాంకులో ఉంటుందని తర్వాత తెలిసింది! స్నానం నీళ్లకొకటి, దొడ్డికొకటి. ఈ దొడ్డిదాన్ని బ్లాక్ ట్యాంక్ అంటారు. ఇలాంటి బండ్లు ఆగే ఆర్‌వీ పార్కులో బండి ఆపి, పైపు తగిలించి అక్కడి డ్రైనేజీలోకి వదలాలి. ముందు బ్లాక్ ట్యాంక్, ఆ తర్వాతే సబ్బునీళ్లది. అప్పుడు ఆ నీళ్లే పైపును కడిగేస్తాయి.

అల్లుడు గ్లవ్స్ వేసుకుని వంగేసరికి నాకు ప్రాణం చచ్చిపోయింది. కాళ్లు కడిగి పిల్లనిచ్చిన అల్లుడు మా దొడ్డి పైపు పట్టుకోవడమేంటి! నేనూ ఓ చెయ్యేద్దామని వెళ్తే, "అత్తయ్యా, మీరు లోపలికెళ్లి టీ పెట్టండి" అని నవ్వాడు. మా ఆయన మాత్రం దూరంగా ఉన్న అడవిదున్నల్ని తెగ పరిశీలించారు.

ఎల్లోస్టోన్ లోపల నీళ్లు, కరెంటు, డ్రైనేజీ మూడూ దొరికేది ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట మాత్రమే. ఎలుగుబంట్లు తిరుగుతాయని అక్కడ టెంట్లు వేయనివ్వరు. బయట బల్ల మీద ఆవకాయ సీసా మర్చిపోతే అమ్మాయి పరుగెత్తుకెళ్లి తెచ్చింది. వాసనొచ్చేది ఏదీ బయట ఉంచకూడదట. "ఎలుగుకి ఆవకాయెందుకే?" అంటే, "నూనె ఉందిగా అమ్మా" అంది.

దారిలో ఇంకో ఆర్‌వీ పార్కులో 30 ఆంప్స్ కరెంటే ఇచ్చారు. ఏసీ నడుస్తుండగా రైస్ కుక్కర్ పెట్టి, మైక్రోవేవ్‌లో పప్పు వేడి చేశాను. టప్పున అంతా ఆగిపోయింది. అల్లుడు మళ్లీ టార్చి పట్టుకుని దిగాడు. పది దాటితే అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు కాబట్టి, నన్ను నేను గుసగుసగానే తిట్టుకున్నాను.

ఇంతలో సంపు నిండింది. కుర్రాడు పైపు ఊడదీసి, ఒక చివర పైకెత్తి, మూరకు మూర భుజం మీదుగా జరుపుకుంటూ లోపలి నీళ్లన్నీ వంచేశాడు. అల్లుడూ అచ్చం ఇలాగే చేసేవాడు. వాచ్‌మన్‌ని కేకేసి, కుర్రాడికి టీ పంపించాను. గిన్నెలు ఇంకా తోమలేదు.