పొగ మానినా చెయ్యి ఊరుకోదు

సిగరెట్ మానలేకపోతున్నవాళ్లని పట్టుదల లేనివాళ్లని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. మా అన్నయ్య కాలేజీ రోజుల్లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా తాగాడు. మానడానికి అతను పడ్డ యాతన నేను దగ్గరుండి చూశాను. పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్‌ని కొద్దికొద్దిగా అందించే గమ్ నమిలాడు, భుజానికి ప్యాచ్ అంటించుకున్నాడు. ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే ఉండేవాడు. ఆఫీసులో ఒక టెన్షన్ వచ్చేసరికి మళ్లీ జేబులో పెట్టె కనిపించేది. చివరికి వేప్‌కి, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్‌కి మారాక సిగరెట్ ఆగింది. నేను ఎప్పుడూ సిగరెట్ ముట్టలేదు కాబట్టి నాకు ఇది అంతుపట్టేది కాదు. గమ్‌లో ఉన్నదీ నికోటినే, ప్యాచ్‌లో ఉన్నదీ నికోటినే, ఇందులోనూ అదే. మరి వాటితో కానిది దీంతో ఎలా అయింది?

ఒకరోజు అదే అడిగాను. "గమ్ నమిలితే తల ఊరుకుంటుంది చెల్లీ, చెయ్యి ఊరుకోదు" అన్నాడు.

ఆ మాట మీద చాలా ఆలోచించాను. రోజుకి 20 సిగరెట్లు, ఒక్కోదానికి 10 దమ్ములు అనుకుందాం. చెయ్యి నోటి దాకా రోజుకి 200 సార్లు వెళ్తుంది, ఏడాదికి 73,000 సార్లు. నిద్ర లేవగానే, టీ తాగాక, ఫోన్ మాట్లాడుతూ, ఎవరితోనైనా గొడవపడి బయటికొచ్చాక. ఇన్నేళ్లుగా ఇన్ని సందర్భాలతో ముడిపడిన పనిని ఒక్కసారిగా ఆపెయ్యమంటే, రక్తంలో నికోటిన్ సరిపడా ఉన్నా మనిషి ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది. వేప్ ఆ పనిని ఆపమనదు. చేతిలో పట్టుకోవచ్చు, పీల్చొచ్చు, వదలొచ్చు, వదిలింది కంటికి కనిపిస్తుంది కూడా. ఆ కనిపించడం చాలా ముఖ్యమని అన్నయ్య అంటాడు.

తర్వాతది గొంతు. పొగతాగేవాళ్లు "గొంతుకి తగలాలి" అంటారే, అది. నికోటిన్ గొంతులోకి దిగేటప్పుడు చిన్నగా గీరుతుంది. ఏళ్ల తరబడి ఆ గీరుడు వెంటే హాయి వచ్చింది కాబట్టి, గీరుడు తగలగానే శరీరం సగం కుదుటపడుతుంది. నికోటిన్ దాదాపు పూర్తిగా తీసేసిన సిగరెట్లు ఇచ్చి చూసిన పరిశోధనల్లో, వాటితో కూడా తాగాలన్న కోరిక కాసేపు తగ్గింది. అంటే మనిషిని కట్టిపడేస్తున్నది ఒక్క రసాయనం కాదు. వేప్ లిక్విడ్‌లో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ ఆ గొంతు స్పర్శని ఇస్తుంది, వెజిటబుల్ గ్లిసరిన్ దట్టంగా కమ్మే ఆవిరిని ఇస్తుంది. ఏది ఎంత పాళ్లలో ఉండాలన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా కుదురుతుంది. అన్నయ్య మొదట కొన్నది గొంతుకి ఏమీ తగలట్లేదని విసుక్కుని పక్కన పెట్టాడు. లిక్విడ్ మార్చాకే కుదిరింది.

వేగం సంగతి కూడా ఉంది. సిగరెట్ దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. గమ్‌కి అరగంట దాకా పడుతుంది, ప్యాచ్‌కి గంటలు. ఒళ్లంతా చిరాకు ఎక్కినవాడికి అరగంట ఆగమని చెప్పడం తేలికే, ఆగడం కష్టం. వేప్‌కి ఇప్పటి రూపం ఇచ్చిన హోన్ లిక్ చైనాకి చెందిన ఫార్మసిస్టు. ఆయనా పొగతాగేవాడే, ప్యాచ్‌లు వాడి చూసినవాడే. 2003లో ఆయన దీన్ని కనిపెట్టింది సరిగ్గా ఆ లోటుని పూడ్చడానికే. అయితే మొదట్లో వచ్చిన పరికరాలు నికోటిన్‌ని సిగరెట్ అంత చురుగ్గా అందించలేకపోయేవి. 2015లో జూల్ అనే అమెరికా వేప్ బ్రాండు వచ్చాక నికోటిన్ సాల్ట్‌లు బాగా వ్యాపించాయి. వీటిలో ఆమ్లం కలపడం వల్ల ఘాటు తగ్గి, ఎక్కువ మోతాదు కూడా మెత్తగా లోపలికి పోతుంది. రోజుకో పెట్టె తాగేవాళ్లకి ఇది వరం. కానీ ఎన్నడూ తాగని పదిహేనేళ్ల పిల్లాడికి సిగరెట్ మొదటి దమ్ము తెప్పించే దగ్గు ఒక అడ్డుగోడ, దీంతో ఆ గోడ కూలిపోతుంది. పళ్ల రుచులు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది. సిగరెట్ తాగని మనిషికి వేప్ వల్ల ఒరిగేది ఏమీ లేదు.

అయితే తాగేవాళ్ల విషయంలో ఆ రుచులు వేరే పని చేస్తాయి. అన్నయ్య పొగాకు రుచితో మొదలుపెట్టి, కొన్నాళ్లకి పుదీనాకి మారాడు. పొగాకు రుచికి దూరమయ్యే కొద్దీ సిగరెట్ వాసనే వెగటు అనిపించసాగింది అన్నాడు. ఒకసారి స్నేహితుడి దగ్గర తీసుకుని ఒక దమ్ము లాగి, "ఇన్నాళ్లూ దీన్నా తాగింది" అని ఆర్పేశాడట. వదిన సంతోషం మరోటి. చొక్కాలకి, దిండు గలీబులకి, కారు సీట్లకి పట్టే ఆ పాత కంపు పోయింది. పిల్లల్ని దగ్గరికి తీసుకునే ముందు అతను నోరు పుక్కిలించక్కర్లేదు. బయటివాళ్లకి చిన్న విషయాల్లా అనిపించొచ్చు. జబ్బుల భయం ఎప్పుడో వచ్చే రేపటిది, వాసన పోవడం ఈ రోజుది. మనిషి చాలాసార్లు ఈ రోజుది చూసే మారతాడు.

కంటికి కనిపించిన ఇంకో రుజువు క్లినిక్‌లో దొరికింది. గొట్టంలో ఊదితే ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంతుందో చెప్పే చిన్న మిషన్ ఉంటుంది. సిగరెట్ తాగే రోజుల్లో వచ్చిన అంకె చూసి వదిన మొహం వాడిపోయింది. మారాక తొలి వారంలోనే అది పదిలోపుకి దిగింది. ఇందులో మాయ లేదు. దమ్ము లాగినప్పుడు సిగరెట్ కొస దాదాపు 900 డిగ్రీల సెల్సియస్‌కి కాలుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్, 7,000కి పైగా రసాయనాలు ఆ మంట నుంచే పుడతాయి, వాటిలో కనీసం 70 క్యాన్సర్ కలిగించేవి. వేప్‌లో కాలేది ఏదీ లేదు, లోపలుండే తీగచుట్ట (కాయిల్) వేడికి ద్రవం ఆవిరవుతుంది. అలాగని అది ఉత్త నీటి ఆవిరి కాదు. నికోటిన్ ఉంటుంది, వేడికి పుట్టే ఆల్డిహైడ్‌లనే హానికర రసాయనాలు ఉంటాయి, ఏళ్ల తరబడి పీలిస్తే ఏమవుతుందో తేలేంత కాలం ఇంకా గడవలేదు. సిగరెట్‌తో పోలిస్తే చాలా తక్కువ హాని, గాలితో పోలిస్తే హానే.

ప్రభుత్వాలు కూడా ఈ రెండు వైపుల్లో ఏదో ఒకటి పట్టుకున్నాయి. భారత్ 2019లో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించింది. బ్రిటన్‌లో పొగ మాన్పించే సేవలు వీటిని ఒక మార్గంగా చూపిస్తాయి. అన్నయ్య ఉండే చోట ఇవి చట్టబద్ధంగానే దొరుకుతాయి, డాక్టరుకి చెప్పే మొదలుపెట్టాడు.

2019లోనే బ్రిటన్‌లో 886 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే, ఈ-సిగరెట్ ఇచ్చినవాళ్లలో 18 శాతం, గమ్, ప్యాచ్ లాంటివి ఇచ్చినవాళ్లలో 9.9 శాతం సిగరెట్ మానేశారు. ఇంచుమించు రెట్టింపు. అందరూ ఈ అంకె చెప్పి ఆగిపోతారు. నేను దాని పక్క అంకె కూడా చూస్తాను. అలా మానినవాళ్లలో ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతున్నవాళ్లు 80 శాతం. గమ్, ప్యాచ్‌లతో మానినవాళ్లలో వాటిని ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే.

ఎందుకో ఇంట్లోనే కనిపిస్తుంది. సిగరెట్‌కి ఒక చివర ఉంటుంది. అయిపోతుంది, ఆర్పి లేవాలి. దీనికి అది లేదు. ఒక్క దమ్ము లాగి జేబులో పెట్టుకోవచ్చు, రెండు నిమిషాలకి మళ్లీ తియ్యొచ్చు. ఆ వెసులుబాటు నచ్చే అన్నయ్య మారాడు, ఇప్పుడు సినిమా చూస్తున్నంతసేపూ అది చేతిలోనే ఉంటోంది. అందుకే ఈ మధ్య మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాముల లిక్విడ్ నుంచి 12కి దిగాడు. డాక్టరు తొందరపెట్టలేదు. మోతాదు తగ్గించినందుకు సిగరెట్ మీదికి మనసు పోతే మళ్లీ పెంచమనే చెప్పాడు. పడగ్గదిలోకి దాన్ని తీసుకురావద్దని వదిన పెట్టిన షరతు మాత్రం ఒప్పుకున్నాడు. నిద్ర లేవగానే మొదటి దమ్ముకి హాల్లోకి నడవాల్సిందే. తగ్గించుకోవడం అక్కణ్ణుంచి మొదలుపెట్టాడు.