ఫిషర్ బాధ, రోజూ మూడు అంజీర్ పళ్లు

బాత్రూమ్ తలుపు చూస్తేనే గుండె దడదడలాడే రోజులు గడిపాను. చెప్పుకోవడానికి సిగ్గు, చెప్పకపోతే బాధ. లోపల గాజు పెంకుతో కోసినట్టు ఉండేది, వెళ్లొచ్చాక గంటసేపు మంట తగ్గేది కాదు. అయినా మూడు వారాలు ఓర్చుకున్నాను. ఒకరోజు రక్తం కనబడేసరికి టెన్షన్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. నేను మొలలు అనుకున్నాను, ఆవిడ చూసి ఫిషర్ అన్నారు, అంటే మలద్వారం దగ్గర చర్మం చీలడం. అసలు కారణం మలబద్ధకం. నొప్పికి భయపడి నేను ఆపుకుంటున్నాను, ఆపుకున్నకొద్దీ పెద్దపేగు నీళ్లు పీల్చేసుకుని మలం ఇంకా గట్టిపడుతోంది, దాంతో మానుతున్న చోటే మళ్లీ చీలుతోంది.

ఆయింట్‌మెంట్, మలం మెత్తబడటానికి సిరప్, టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని రోజుకు రెండుమూడు సార్లు కూర్చోవడం. ఇవన్నీ చేశాను. కష్టమైంది తిండి సంగతే. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు పదార్థం తినాలట! పీచు పొడి నీళ్లలో కలుపుకుని తాగితే జిగురు మింగినట్టు ఉండేది, నాలుగు రోజులకే మొహం మొత్తింది.

అప్పుడు దొరికాయి తాజా అంజీర్లు. అప్పటిదాకా నాకు ఎండువే తెలుసు. బాగా పండిన కాయ చేతిలో మెత్తగా వాలిపోతుంది, తొక్క మీద సన్నటి చీలికలు (చీలిక అన్న మాట వింటేనే భయపడే నాకు ఇవి మాత్రం ముద్దొచ్చాయి), అడుగున తేనెబొట్టు లాంటి జిగురు. రెండుగా విప్పితే లోపల ఎర్రటి గుజ్జు, నిజానికి అదంతా లోపలికి ముడుచుకున్న పూలగుత్తేనట. గింజలు పంటి కింద కరకరలాడుతుంటే మందు తింటున్నట్టే అనిపించదు.

100 గ్రాముల్లో పీచు దాదాపు 3 గ్రాములు ఉంటుంది. మీడియం సైజువి మూడు తింటే 4 గ్రాములు దాటుతుంది, అంతే, అద్భుతమేమీ లేదు. కానీ రోజూ ఇష్టంగా తిన్నాను, పక్కన నీళ్లు కూడా గట్టిగా తాగాను, నాకు తేడా తెలిసింది అక్కడే. అంజీర్ తింటే ఒంట్లో రక్తం బాగా పెరుగుతుందని కూడా చెప్పారు కొందరు. తాజా పండులో ఇనుము 100 గ్రాములకు అర మిల్లీగ్రాము కూడా ఉండదు, కాబట్టి రక్తహీనతకు దీన్నే నమ్ముకుంటే కష్టం. పైగా అందులోనే 16 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు లెక్క చూసుకోవాలి.

నేనూ రెండు తప్పులు చేశాను. ఒకరోజు ఆశకొద్దీ ఎనిమిది తినేసి రాత్రంతా కడుపు ఉబ్బరంతో దొర్లాను. ఇంకోరోజు సరిగా పండనిది కొరికాను, కాడ దగ్గర కారే తెల్లటి పాలు తగిలి పెదవి సాయంత్రం దాకా చురచురలాడింది. ఆ పాలలో ప్రొటీన్లను విరగ్గొట్టే ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది మరి. ఇంట్లో పెడితే పండుతుందిలే అనుకోవడానికీ లేదు, కోశాక ఇది సరిగా పండదు. పండినదేమో ఫ్రిజ్‌లో పెట్టినా రెండుమూడు రోజులే.

ఆరో వారంలో డాక్టర్ చూసి మానిందన్నారు, సిరప్ మెల్లగా తగ్గించి ఆపేశాం. సీజన్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు రాత్రి రెండు ఎండు అంజీర్లు నానబెట్టుకుని పొద్దున తింటున్నాను. పని జరుగుతోంది, కాదనను, కానీ ఆ గుజ్జు ఎక్కడ, ఈ తోలు ఎక్కడ!