గేట్ ఫుడ్ టెక్నాలజీ: మిర్చి కల్లంలో అర్థమైన సిలబస్

గేట్ ఫలితాలు వచ్చాయి. ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపరులో ఎంచుకోవలసిన రెండు విభాగాల్లో ఒకటిగా ఫుడ్ టెక్నాలజీ తీసుకుని రాసిన నాకు, ఎం.టెక్. సీటుకు ధైర్యంగా దరఖాస్తు చేసుకోగలిగిన ర్యాంకు దక్కింది. నిరుటి స్కోరు అందుకు చాలలేదు కనుక ఈసారి సంతోషం కంటే ఊరటే ఎక్కువగా ఉంది. గుంటూరులోనూ విజయవాడలోనూ గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు ఎన్ని కోచింగ్ సెంటర్లు ఉన్నా మన సబ్జెక్టు చెప్పేవారు దొరకడం కష్టం కాబట్టి, ఆహార ఎగుమతుల నాణ్యత విభాగంలో స్థిరపడాలనుకునే తోటి అభ్యర్థుల కోసం ఇది రాస్తున్నాను.

పేపరు తీరు మీకు తెలిసిందే. ప్రాణాంతక విషం తయారుచేసే క్లాస్ట్రిడియం బోట్యులినమ్ బ్యాక్టీరియా స్పోర్లకు (వేడిని తట్టుకునే బీజాలకు) 121 డిగ్రీల సెల్సియస్ వద్ద డి-విలువ, అంటే వాటి సంఖ్య పదో వంతుకు తగ్గడానికి పట్టే సమయం, 0.21 నిమిషం, అలా పన్నెండుసార్లు తగ్గించే 12డి అంటే 2.52 నిమిషాలు, జెడ్-విలువ (డి-విలువ పది రెట్లు మారడానికి కావలసిన ఉష్ణోగ్రత తేడా) 10 డిగ్రీలు అయితే 111 డిగ్రీల వద్ద అదే పనికి 25.2 నిమిషాలు: ఈ లెక్క అందరికీ వచ్చు. ఏ ఆహారానికి ఈ లెక్క కావాలో, దేనికి అక్కర్లేదో తెలిసినవారికే ప్రశ్నలో ఏ వివరం పనికొస్తుందో వెంటనే కనబడుతుంది. నూజివీడు మామిడి గుజ్జు పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ కనుక ఆ స్పోర్లు అందులో పెరగలేవు. దానికి పాశ్చరైజేషన్ స్థాయి వేడి చాలు. మామూలు ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచే రొయ్యల డబ్బాకు మాత్రం రిటార్ట్ (ఒత్తిడితో 100 డిగ్రీలకు పైగా వేడిచేసే యంత్రం) తప్పదు.

నాకు సిలబస్ అంతా ఒకదానితో ఒకటి ముడిపడి కనిపించింది అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం దగ్గర. మా మేనమామ ప్రత్తిపాడు వైపు మిర్చి వేస్తారు. కల్లంలో ఎండబోసిన కాయ మీద రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పుతూ, "పైకి గలగలలాడుతున్నా లోపల నెమ్ము ఉందిరా, ఇంకో రెండు ఎండలు పడాలి" అన్నారాయన. మన ప్రమాణాల్లో ఎండుమిర్చి తేమ 11 శాతానికి మించకూడదని చదివిన నాకు, ఆ అంకె ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. నెమ్ము మిగిలిన కాయ మీద, లేదా బస్తాలకెత్తేటప్పుడు విరగకుండా నీళ్లు చల్లిన కాయ మీద ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు పెరిగి విషం తయారుచేస్తుంది. తర్వాత వేడి చేస్తే బూజు చస్తుంది గాని, మామూలు వంట వేడికి ఆ విషం పోదు. అంటే డి-విలువ లెక్కలన్నీ సూక్ష్మజీవికే గాని, అది అప్పటికే వదిలిన ఈ విషానికి వర్తించవు. పైగా అది సరుకంతటా సమానంగా ఉండదు. కొన్ని కాయల్లోనే ఎక్కువగా పేరుకుంటుంది కనుక, ఒక బస్తా నుంచి తీసిన నమూనా బాగుందని మొత్తం లాటు బాగున్నట్టు చెప్పలేము. యూరోపియన్ యూనియన్ మిర్చికి పెట్టిన పరిమితి బీ1 (అఫ్లాటాక్సిన్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన రకం) కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10. మన దేశంలో అవి 15, 30. ఇక్కడ పరీక్షలో నెగ్గిన సరుకు అక్కడి రేవులో ఆగిపోవడానికి ఈ తేడా ఒక్కటే చాలు.

హెచ్ఏసీసీపీ (ముప్పులను విశ్లేషించి కీలక దశల్లో అదుపు చేసే ఆహార భద్రతా పద్ధతి) పుట్టుక కూడా, కొన్ని నమూనాల పరీక్షతో మొత్తం సరుకుకు పూచీ పడలేమన్న ఇదే కారణంతో ముడిపడి ఉంది. 1960ల్లో నాసా వ్యోమగాముల ఆహారం తయారుచేసిన పిల్స్‌బరీ సంస్థ, చివర్లో పరీక్షించి భద్రతకు పూచీ పడాలంటే తయారైనదాంట్లో చాలా భాగం పరీక్షలకే పోతుందని గ్రహించి, ముప్పును అది పుట్టే చోటే అదుపు చేసే పద్ధతిని రూపొందించింది. ఏడు సూత్రాలు, పన్నెండు దశలు కంఠతా పట్టడం కంటే ఈ ఒక్క కారణం పట్టుకుంటే అవి వాటంతటవే గుర్తుంటాయి.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. రెండో విభాగంగా థర్మోడైనమిక్స్ తీసుకున్నాను. మాక్ టెస్టులు కంప్యూటరు తెర మీది క్యాలిక్యులేటరుతోనే చేశాను. అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కనుక ఒక్కటీ ఖాళీగా వదలకండి.

బీటెక్ అయ్యాక ఉద్యోగంలో చేరకుండా మళ్ళీ పరీక్షలేమిటని బంధువులు చాలామంది అడిగారు. తోటివారంతా సాఫ్ట్‌వేర్‌కు వెళ్తుంటే నేను ఇంట్లో కూర్చోవడం వారికి సోమరితనంగా కనిపించి ఉండవచ్చు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మిర్చి యార్డు ఉన్న ఊళ్లో పుట్టి, ఆ సరుకు నాణ్యతకు పూచీ పడగల చదువు చదవాలనుకోవడం సరైన నిర్ణయమేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆ నమ్మకం నిలవాలంటే రోజూ ఒకే వేళకు కూర్చోవాలి, పెళ్ళిళ్ళూ పండుగలూ వచ్చినా ఆ వేళ తప్పకూడదు, చదివింది మర్నాడు చూడకుండా రాసుకోవాలి. దీనికి దగ్గరి దారి ఉందని ఎవరైనా చెబితే వినకండి.

ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ఆహార పరిశుభ్రత సూత్రాల పత్రాన్ని 2020 సవరణ తర్వాతి ప్రతిలోనే చదవండి. పాత నోట్సులో ఉన్న వివరణ కొన్నిచోట్ల మారింది. అది చదివాక మీ ఊరి సరుకు ఒకటి తీసుకుని, దానికి ముప్పుల విశ్లేషణ సొంతంగా రాయండి. దుగ్గిరాల పసుపు అయితే రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్ అనే సీసపు విషంతో, బాపట్ల తీరపు రొయ్యలైతే చెరువులో వాడిన యాంటీబయాటిక్ అవశేషాలతో మొదలుపెట్టండి.