కుంచెడు అంటే ఎన్ని కిలోలు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, అరిసెలకి నానబెట్టాలి, కుంచెడు బియ్యం తియ్యరా అంది మామ్మ. నేను ఫోన్ తీసి కుంచం అంటే ఎన్ని కిలోలో వెతకడం మొదలెట్టాను. "ఓలమ్మా, కొలతకి తూకం ఏటిరా!" అని నవ్వి, అటక మీదున్న ఇనప కుంచం దించమంది.

మాది రాజాం దగ్గర పల్లె. 2022లో జిల్లాలు మార్చాక విజయనగరంలోకి వచ్చాం గానీ, మామ్మ లెక్కలో మాది ఇంకా సిక్కోలే, అంటే శ్రీకాకుళమే.

తప్పు నాదే. కుంచం బరువు కాదు, అందులో ఎంత పడితే అంత. కుంచెడు మురీలు (మరమరాలు) ఆరేళ్ల పిల్ల నెత్తిన పెట్టుకుని పరిగెడుతుంది, అదే కుంచెడు చోళ్లయితే (రాగులయితే) బరువు ఎన్నో రెట్లు. మామ్మ చెప్పిన లెక్క ఇది: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి 64 గిద్దలు. సోల దాటాక అంతా రెట్టింపులే కాబట్టి సగం, పావు పంచుకోవాలంటే తక్కెడా రాళ్లూ అక్కర్లేదు.

కాకపోతే కొలిచే చెయ్యిని బట్టి ఉంటుంది. పైన గోపురం నిలబడేలా పోస్తే ఒక లెక్క, అంచు దగ్గర అరచేత్తో కొట్టేస్తే ఇంకో లెక్క. గోపురం పోసి బదులిచ్చిన తవ్వ బియ్యం అంచు కొట్టేసి తిరిగొచ్చిందని ఒకింటి మీద మామ్మకి ఇప్పటికీ కోపం, ఆ బియ్యం తిన్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు కూడా.

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... అలా. ఏడు దగ్గరికొస్తే మామ్మ గొంతు తగ్గించేస్తుంది, కళ్లంలో ఏడవమంటే ఎలా మరి!

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1958 నుంచి కిలోలు మొదలయ్యాయి. కుంచాలు అటకెక్కాయి గానీ ఆ 'ఎడు' మాత్రం మన నోట్లోంచి పోలేదు. పుట్టెడు దుఃఖం, గంపెడాశ, చెంబెడు నీళ్లు, బారెడు పొద్దెక్కినా లేవని మా తమ్ముడు. పుట్టి ఎంతో తెలియకపోయినా పుట్టెడు దుఃఖం ఎంతో అందరికీ తెలుసు.

మా కుంచం అడుగున లోపలికి ఒక సొట్ట ఉంది. చిన్నప్పుడు దాన్ని బోర్లించి ఎక్కి, ఉట్టి మీద బెల్లం అందుకోబోయి నేను చేసిన ఘనకార్యం అది. మామ్మ గోపురం పోశాక, ఆ సొట్టకని ఇంకో గుప్పెడు విడిగా తీసి చేటలో వేసింది.