మినీనెట్ వీఎం: మూడు సాయంత్రాల పని

నెట్‌వర్క్ స్విచ్ లోపల ఏం జరుగుతుందో ఎన్నిసార్లు చదివినా నాకు బుర్రకెక్కలేదు. కళ్ళారా చూద్దామని, ఒక్క కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టిచ్చే మినీనెట్ పట్టుకున్నాను. ఒకే లినక్స్ కర్నెల్ మీద నేమ్‌స్పేస్‌లతో (ఒకదానికొకటి కనబడని విడి గదుల్లాంటివి) హోస్టులు, అంటే కంప్యూటర్లు, స్విచ్‌లు, వాటి మధ్య లింకులు సృష్టిస్తుంది కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

మొదటి సాయంత్రం మినీనెట్ ఉన్న రెడీమేడ్ వీఎం (వర్చువల్ మెషీన్, కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) ఇమేజ్ దించుకుని, దాన్ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఇంపోర్ట్ చేశాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ మినీనెట్టే. లాగిన్ అవ్వగానే స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నాను. మీరూ తీసుకోండి, ఏది చెడినా మళ్ళీ మొదటికొచ్చే పని ఉండదు.

రెండో సాయంత్రమంతా ఎస్ఎస్‌హెచ్‌కే, అంటే ల్యాప్‌టాప్ టెర్మినల్ నుంచి వీఎంలోకి లాగిన్ అవ్వడానికే పోయింది. వీఎంలో ఇంటర్నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్ నుంచి మాత్రం లోపలికి వెళ్ళలేకపోతున్నాను. ఐపీ చూస్తే 10.0.2.15. అది న్యాట్ ఇచ్చిన అడ్రస్, అంటే వీఎం ల్యాప్‌టాప్ చాటున ఉండి బయటికి వెళ్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ (ల్యాప్‌టాప్ పోర్టుకి వచ్చినదాన్ని వీఎంకి మళ్ళించడం) పెట్టకపోతే బయటి నుంచి దానికి దారి లేదు. వీఎం ఆపి, సెట్టింగ్స్‌లో రెండో నెట్‌వర్క్ అడాప్టర్ ఆన్ చేసి హోస్ట్ ఓన్లీ (ల్యాప్‌టాప్‌కీ వీఎంకీ మధ్యే ఉండే నెట్‌వర్క్) ఎంచుకున్నాను. మళ్ళీ ఆన్ చేస్తే ఈటీహెచ్1 అనే పేరుతో ఆ అడాప్టర్ కనబడింది గానీ ఐపీ లేదు. దాని మీద సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఐపీ అడిగి తెచ్చే డీహెచ్‌క్లయంట్ నడిపాక 192.168.56.101 వచ్చింది. ఎస్ఎస్‌హెచ్ వెంటనే కలిసింది.

మూడో సాయంత్రం కోసమే ఇదంతా. ఒక స్విచ్, మూడు హోస్టులు (హెచ్1, హెచ్2, హెచ్3) పెట్టి, స్విచ్‌కి ఏం చేయాలో చెప్పే ప్రోగ్రామ్ అయిన కంట్రోలర్‌ని రిమోట్ (మినీనెట్ బయట విడిగా నడిచేది) అని చెప్పి, కంట్రోలర్ మాత్రం నడపలేదు. ప్రతి హోస్టు నుంచీ మిగతా హోస్టులన్నిటికీ పింగ్ పంపే పింగాల్ కొడితే వరసగా ఎక్స్‌లే: 6 పింగ్‌లలో ఒక్కటీ చేరలేదు. స్విచ్ ఉంది, లింకులున్నాయి, కానీ వచ్చిన ప్యాకెట్‌ని ఏం చేయాలో దానికెవరూ చెప్పలేదు. ఇంకో టెర్మినల్ తెరిచి ఓవీఎస్ ఓఎఫ్‌సీటీఎల్ అనే కమాండ్‌తో స్విచ్‌లో నేనే రెండు రూల్స్ రాశాను: 1వ పోర్టులో వచ్చింది 2కి పంపు, 2లో వచ్చింది 1కి పంపు. మళ్ళీ పింగాల్. 6లో 2 చేరాయి, హెచ్1 నుంచి హెచ్2కి ఒకటి, తిరుగుదారిలో ఒకటి. ఫ్లోలు (స్విచ్‌లో ఉన్న ఈ రూల్స్) డంప్ చేసి చూస్తే ఒక్కో రూల్ పక్కన ప్యాకెట్ల లెక్క పెరిగి ఉంది. ఆ అంకెలు చూస్తూ పింగ్ మీద పింగ్ కొడుతూ చాలాసేపు కూర్చున్నాను.

మధ్యలో మినీనెట్ క్రాష్ అయితే పాత స్విచ్‌లు అలాగే మిగిలిపోయి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఎర్రర్ వస్తుంది. సుడో ఎంఎన్ మైనస్ సీ కొడితే అంతా శుభ్రమవుతుంది.

హెచ్3 ఇంకా ఎవరితోనూ మాట్లాడటం లేదు. దానికి పోర్టు నంబర్లు చాలవు, గమ్యం మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే నంబరు) చూసి పంపాలి. ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్‌లకేమో (ఫలానా ఐపీ మ్యాక్ ఏదని అందరినీ అడిగే ప్యాకెట్లు) ఫ్లడ్ రూల్, అంటే మిగతా పోర్టులన్నిటికీ పంపే రూల్, విడిగా రాయాలి. శనివారం దాని మీద కూర్చుంటాను.