చిట్టెం కుప్ప దగ్గర ఏం చూడాలి, ఏం రాసుకోవాలి

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం చుట్టుపక్కల దున్నిన చేలల్లో నల్లటి గడ్డలు తేలుతుంటాయి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు. అదే చిట్టెం, అంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలిన మడ్డి. ఇక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం తొలినాళ్లలో ఈ ఊరు చూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ రాశాడు. 2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో సర్వే చేస్తే ఇనుము, ఉక్కు తయారైన చోట్లు 200కు పైగా తేలాయి. చూడటానికి గోడలూ గోపురాలూ లేవు కాబట్టి ఇలాంటి చోట్లను కాపాడాలని ఎవరికీ తట్టదు. కుప్పల్లోని చిట్టెం రోడ్డు గుంతలు పూడ్చడానికి ట్రాక్టర్లలో వెళ్లిపోతుంటుంది.

తవ్వకానికి పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి. పైపైన చూసి నమోదు చేయడానికైనా రైతునూ పంచాయతీనీ ముందే అడగండి.

మొదటి పని, అది చిట్టెమేనా అని తేల్చుకోవడం. నల్లరాయికి కూడా బుడగల రంధ్రాలుంటాయి, కానీ చాలాసార్లు వాటిలో తెల్లటి ఖనిజం నిండి ఉంటుంది. చిట్టెం రంధ్రాలు ఖాళీగా ఉంటాయి, పక్కనే బొగ్గు ముక్కల అచ్చులు కనిపిస్తాయి. ఇటుక బట్టీలో మాడిన పెళ్ల, రైలింజను బూడిద గడ్డ రెండూ తేలిక. కొలిమి నుంచి బయటికి పారించిన చిట్టెం మీద పాకం జారి గడ్డకట్టినట్టు మడతలుంటాయి. లోపలే గడ్డకట్టినది గరుకుగా, మట్టి, బొగ్గు అంటుకుని ఉంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా తూచాలి, ఎందుకంటే కొలిమి ఎలా నడిపారో చెప్పేది ఈ పాళ్లే. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే ఆ ముక్కలో లోహం మిగిలిందని అనుమానించి పక్కన పెట్టండి.

ఉక్కు తీసిన చోట వేరే సరుకు దొరుకుతుంది: మూస పెంకులు, అంటే ఉక్కు కరిగించిన మట్టి పాత్రల ముక్కలు. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర గానీ కరగదు. ఒకటిన్నర శాతం కర్బనం ఎక్కితే 1,400 దాటాక పూర్తిగా ద్రవమవుతుంది. ఆ వేడికి తట్టుకునేలా బంకమట్టిలో వరి ఊక దండిగా కలిపి మూసలు చేశారు. విరిగిన అంచు చూడండి: నల్లగా ఉంటుంది, ఊక కాలిపోయిన చోట సన్నటి పొడవాటి ఖాళీలుంటాయి. బయటివైపు బూడిద తగిలి గాజు పూత పూసినట్టు మెరుస్తుంది. లోపలివైపు చుట్టూ అడ్డంగా ఒక గాజు గీత పొడుచుకొచ్చి ఉంటే, అక్కడి వరకూ ఉక్కు నిలిచిందన్నమాట, గీత ఉన్న చోట పైన మడ్డి తేలింది. లోపలి వ్యాసం 6 సెం.మీ., గీత దాకా లోతు 2 సెం.మీ. అనుకుందాం. సమతలపు అడుగైతే 56 ఘన సెం.మీ. పైచిలుకు, ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాముల చొప్పున సుమారు 440 గ్రాముల ముద్ద. అడుగు గుండ్రంగా ఉంటే ఇంకా తగ్గుతుంది. పెంకు వంపు నుంచి వ్యాసం లెక్కగట్టేటప్పుడు చుట్టుకొలతలో పదో వంతైనా లేని ముక్కను నమ్మొద్దు.

ముద్ద తీయాలంటే మూసను పగలగొట్టాల్సిందే. కాబట్టి పగలని మూస దొరికితే చాలావరకు ఆ వాయి చెడిపోయిందని అర్థం. అందరూ ఇంటికి పట్టుకెళ్లేది మాత్రం దాన్నే! ఎక్కడ దొరికిందో రాయని మూస అద్దాల బీరువాకు పనికొస్తుంది, చరిత్రకు కాదు.

ఏరడంలో జరిగే పెద్ద తప్పు కూడా అందమైన ముక్కలనే తీసుకోవడం. కుప్ప మీద పది మీటర్ల దూరానికొకటి చొప్పున ఒక మీటరు చదరపు గడి తాళ్లతో కట్టండి. అందులో 2 సెం.మీ. కంటే పెద్దవన్నీ ఏరి, రకాల వారీగా వేరు చేసి, తూకం రాసి, రకానికి ఐదారు మాత్రమే ఉంచుకుని మిగతావి అక్కడే పోసేయండి. మొత్తం కుప్ప బరువు తెలియాలంటే ఘనపరిమాణం ఒక్కటే చాలదు, మధ్యలో మట్టి ఎంతుందో చూడాలి. పది లీటర్ల బకెట్ నింపి, జల్లెడ పట్టి, చిట్టెం మాత్రం తూచండి. నాలుగైదు చోట్ల చేస్తే ఆ తేడాలే మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాయి. కాలువో రోడ్డో ఇప్పటికే కుప్పను కోసి ఉంటే అదృష్టం: ఆ కోతను తాపీతో శుభ్రం చేసి, 1:20 కొలతలో పొరలు గీసుకోవచ్చు.

కాలం తేల్చడం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. చిట్టెంలో ఇరుక్కున్న బొగ్గు పెద్ద మాను నడిమి చేవదైతే, కొలిమి కంటే వంద రెండు వందల ఏళ్లు ముందటి తేదీ చూపిస్తుంది. బెరడు ఉన్న సన్న కొమ్మ బొగ్గు వెతకండి. మూస మట్టిలోని ఊక బొగ్గు ఇంకా మేలు, ఒకే పంటలో పెరిగింది కాబట్టి. అయితే బంకమట్టిలో ముందే ఉన్న పాత కర్బనం కలవకుండా ప్రయోగశాల జాగ్రత్త పడాలి. 17వ శతాబ్దం నడిమి తర్వాతి నమూనాలకు రేడియోకార్బన్ పరీక్ష (కర్బనాన్ని బట్టి కాలం లెక్కగట్టేది) ఒకే తేదీ ఇవ్వదు, రెండు మూడు శతాబ్దాల్లో పరుచుకున్న అవకాశాలు ఇస్తుంది. ఇక్కడ పని 19వ శతాబ్దం దాకా సాగింది గనుక, చివరి దశకు కొలిమి గోడ మట్టి మీద కాంతి ఉద్దీపన పరీక్ష (మట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పేది) కూడా చేయించడం మంచిది. బొగ్గును వేళ్లతో పట్టుకోకండి, దూదిలో చుట్టకండి. అల్యూమినియం రేకులో చుట్టి, వేర్లు కనిపిస్తే ఆ సంగతి చీటీ మీద రాయండి.

లోహం ఉన్న ముక్కలను అసలు కడగొద్దు. మట్టి మెత్తటి బ్రష్‌తో దులిపి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. జెల్ రంగు మారిందేమో వానాకాలంలో వారం వారం చూసుకోవాలి. చీటీలు రెండు ఉండాలి, ఒకటి సంచి లోపల, ఒకటి బయట. పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ సిరా తేమకు పాకిపోతుంది.