భీమిలి చీకట్లో అమ్మ నక్షత్రం

సింహాచలంలో దర్శనం తొందరగానే అయిపోయింది, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రూము అద్దె గురించి మాత్రం చెప్పాలి. కార్తీక మాసం కదా, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మామూలు లాడ్జిలో కూడా మూడు వేలన్నారు. గీజరు లేదు, కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. అయినా ఇచ్చేశాను, నేను అమావాస్య నాడు విశాఖలో ఉండాలి కాబట్టి.

అమ్మది రేవతి నక్షత్రం. ఏ గుడికెళ్లినా గోత్రం తర్వాత ఆ పేరు చెబుతుంది. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఆ చుక్క ఎక్కడుంటుందో ఎప్పుడూ చూడలేదు. మా భీమవరం వైపు ఇక కుదరదు. రొయ్యల చెరువుల గట్ల మీద తెల్లవార్లూ లైట్లే. సముద్రం పక్కనైతే కాస్త చీకటి దొరుకుతుందనుకున్నాం.

ఆర్కే బీచ్‌లో ఆ ఆశ పోయింది. ఎత్తైన స్తంభాల మీద లైట్లు నేలకన్నా ఆకాశానికే ఎక్కువ వెలుగిస్తున్నాయి. దూరంగా లంగరేసిన ఓడల దీపాలు సరే, వాటి అవసరం వాటిది. వాయవ్యంలో అభిజిత్తు అనే మెరిసే చుక్క ఒక్కటి బాగా కనిపించింది. చుక్కల ప్రకాశానికి అంకెలిస్తారు, అభిజిత్తుది దాదాపు సున్నా అయితే రేవతిది 5.2. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. ఒక్కో అంకెకి వెలుగు రెండున్నర రెట్లు తగ్గుతుందని 1856లో లెక్క కట్టినాయన పోగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త. తర్వాత 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, చివరిదాకా అక్కడే పనిచేశాడు. ఆ ప్రకారం అభిజిత్తు కన్నా రేవతి సుమారు నూట ఇరవై రెట్లు మసక. మంచి చీకట్లో కంటికి ఆనేది ఆరు, ఆరున్నర వరకు. బీచ్ రోడ్డు మీద నాలుగు కూడా దాటలేదు.

మర్నాడు డాబా గార్డెన్స్‌లో ఏదో కొనడానికి వెళ్లి, కొనడం మర్చిపోయి ఆ వీధుల్లో తిరిగాను. 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టింది ఈ ఊళ్లోనే. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే చూసి నమోదు చేశాడు. అంతటి ఊళ్లో ఇవాళ 5.2 అంకె చుక్క చూడాలంటే బస్సెక్కి ఊరు దాటాలి. నాకు నిజంగా బాధేసింది.

సాయంత్రం భీమిలి వెళ్లే 900కె బస్సు ఎక్కాం. అమ్మకి ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నాకే డబ్బులు. వనభోజనాలకెళ్లి వస్తున్నవాళ్లు గిన్నెలూ చాపలూ సీట్ల మధ్య పెట్టేశారు. రుషికొండ దాకా అమ్మ నిలబడే ఉంది. అక్కడ సీటు దొరికింది, కిటికీలోంచి గాలి, ఆ తర్వాత చీకటి. ఆ చీకటి చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

భీమిలిలో దిగి లైట్‌హౌస్ వైపు కాకుండా ఇంకాస్త ముందుకు నడిచాం. అక్కడొక్కటే బజ్జీల బండి. ప్లేటు అరవై రూపాయలు, నాలుగే ముక్కలు. మిరపకాయ మాత్రం బాగుంది. ఆ బండికున్న తెల్ల బల్బు సరిగ్గా మా కళ్లలోకి కొడుతోంది. అమ్మే వెళ్లి అడిగింది, "బాబూ, నా నక్షత్రం చూసుకోవాలి, కాసేపు ఆ లైటు ఆపుతావా?" అని.

ఆయన గరిటె పక్కనపెట్టి పైకి చూశాడు. "నచ్చత్రమంటే పంతులుగోరు సెప్పేదేనా? అది నిజంగా ఉంటదేటి?" అని, బల్బు ఆపేశాడు.

చీకటికి కళ్లు అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలైనా పడుతుంది. తొమ్మిది దాటేసరికి రేవతి దాదాపు నడినెత్తికి వచ్చింది. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలు నాలుగూ కలిసిన చతురస్రం పట్టుకుని, దానికి ఆగ్నేయంగా దిగితే తూర్పు పడమరలుగా మూడు చిన్న చుక్కలు వరుసగా ఉంటాయి. మూడోది, అన్నిట్లో మసకది, రేవతి. సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే తేలుతుంది. కంట్లో మసక వెలుగుని పట్టే కణాలు చూపు మధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అమ్మ ముందు బైనాక్యులర్‌లో చూసింది, తర్వాత ఉత్త కళ్లతో చాలాసేపు వెతికి, "ఉందిరా" అంది.

"ఇంత చిన్నదా?"

చిన్నది కాదమ్మా, దూరం. వంద కాంతి సంవత్సరాలకు పైనే ఉంటుంది. నక్షత్రాలను వేడిని బట్టి, ఎక్కువ నుంచి తక్కువకి, ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ అని వరుస పెడతారు. మన సూర్యుడు జి2. రేవతి ఎ7, సూర్యుడికన్నా వేడి, అందుకే తెల్లగా ఉంటుంది. ఆ ఎ7 పక్కన నాలుగు అని ఇంకో అంకె రాస్తారు, అది దాని వయసు కబురు చెబుతుంది. నడి వయసు నక్షత్రాలకు ఐదు రాస్తారు. నాలుగంటే ఆ దశ దాటి ఉబ్బడం మొదలుపెట్టిందని. దానికి తోడుగా ఎఫ్7 రకం చుక్క ఒకటుంది, ఇంకా దగ్గరి తోబుట్టువులూ ఉన్నాయి. ఆ ఎఫ్7ని విడిగా చూడ్డానికి చిన్న టెలిస్కోపు చాలు, చేత్తో పట్టుకున్న నా బైనాక్యులర్‌కి మాత్రం విడిపోలేదు.

ఇంత మసక చుక్కకి అంత పేరెందుకంటే, సూర్యుడు నడిచే దారిని దాదాపు ఆనుకుని ఉంటుంది. పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో దాని స్థానం 359 డిగ్రీల 50 కళలు (డిగ్రీకి అరవై కళలు), అంటే రాశిచక్రం మొదలయ్యే చోటే. ఇందాక చెప్పిన ఓ, బి, ఎ అక్షరాల వరుస వెనకున్నది వేడేనని 1920లో సమీకరణంతో చూపించిన శాస్త్రవేత్త మేఘనాద్ సాహాయే, 1952లో వేసిన పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘం చిత్రా నక్షత్రానికి ఎదురుగా ఉన్న బిందువును రాశిచక్రానికి మొదలుగా తీసుకుంది. ఆ లెక్కలో రేవతి నాలుగు డిగ్రీలు వెనకబడింది. ఇది నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. చిత్ర మెరిసే చుక్కే, పట్టుకోవడం తేలికే, కానీ పాత గుర్తు రేవతిది.

బండాయన అంతా విని, వాళ్లమ్మకి ఫోన్ చేశాడు. "నాది రోహిణంట బాబూ, ఏదది?" తూర్పున సముద్రం మీద, పిల్లలకోడి కింద ఎర్రగా ఉన్నదాన్ని చూపించాను. కె5 రకం, బాగా ఉబ్బిన మహాతార. "ఓస్, ఇదా! ఏటకెల్లినప్పుడల్లా సూసినాను" అని నవ్వి, ఇంకో నలుగురు రావడంతో బల్బు వేసేశాడు. రేవతి పోయింది, రోహిణి అలాగే ఉంది.

తిరుగు బస్సు వెళ్లిపోయింది, ఆటోకి ఎనిమిది వందలు, ఒక్క రూపాయి తగ్గలేదు. మీరు వెళ్తే కార్తీక, మార్గశిర అమావాస్యలకు వెళ్లండి, బస్సు టైము ముందే కనుక్కోండి. బీచ్ లైట్లకు పైన రేకు మూత బిగించి వెలుగు కిందకే పడేలా చేయమని వార్డు సచివాలయంలో నేనో అర్జీ ఇచ్చి వచ్చాను. విశాఖ వాళ్లు కూడా ఇస్తే బాగుంటుంది.